గాలి ఉన్న చోటే గండం

మొన్న ఎండాకాలం వరంగల్ దగ్గర మా పొలంలో బోరు మోటారు కాలిపోయింది. మెకానిక్కు వైండింగు చేయించి తెచ్చాడు. దించే ముందు చూద్దును కదా, మోటారు నిండా నీళ్లు పోస్తున్నాడు! "ఇదేందన్నా, కరెంటు మోటార్ల నీళ్లేంది?" అన్నా. "నింపకుంటెనే కాలుతది సారూ" అని నవ్వాడు. ఇంజనీరింగ్ చదివి పదిహేనేళ్లుగా కోడు రాసుకుంటున్న నాకు ఆ ముక్క తెలీదు :)

ఆ నీళ్లు మోటారును చల్లబరచడానికే కాదట. బయటి నీళ్లు నొక్కుతుంటే లోపల్నించి ఎదురొత్తిడి ఇస్తాయి. అడుగునున్న రబ్బరు డయాఫ్రం రెండు వైపులా సమానం చేస్తుంది.

సముద్రంలో శబ్దాలు వినే హైడ్రోఫోన్లదీ ఇదే గొడవ. ప్రతి 10 మీటర్ల లోతుకీ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. 3000 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరు మీద 300 కిలోల పైచిలుకు బరువు! "ఇంత లోతు వరకే" అని రాసేది లోపలి సిరామిక్ ముక్క పగులుతుందని కాబోలు అనుకునేవాణ్ణి. కానీ గట్టి సిరామిక్ ముక్క నొక్కుడుని బాగానే తట్టుకుంటుంది, లాగితేనే విరుగుతుంది. గండం గాలితో. సిరామిక్‌ని బోలు గొట్టంలా చేసి లోపల గాలి ఉంచితే చిన్న శబ్దానికి కూడా గోడ కదులుతుంది, బాగా వినిపిస్తుంది. కానీ పైనున్న నీళ్ల బరువంతా మోయాల్సిందీ ఆ గోడే. మందం పెంచినా, గాలి తీసేసి నూనె నింపినా ఇంకా లోతుకి పోవచ్చు, వినికిడి తగ్గుతుంది. పోనీ సిరామిక్ నిలబడినా ఓ-రింగు ఉంది, కేబుల్ లోపలికెళ్లే చోటు ఉంది. వీటిలో ఏది ముందు ఓడిపోతే అదే మొత్తం పరికరం లోతు.

ఇదంతా మనకెందుకంటారా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేదు. 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో మన కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున ఒత్తిడి కొలిచే పెట్టె పైన తేలే బోయాకి శబ్దంతోనే కబురు పంపుతుంది, ఎందుకంటే ఉప్పునీళ్లలో రేడియో ఎంతో దూరం పోదు. బోయా నుంచి ఉపగ్రహానికి, అక్కణ్ణుంచి సముద్రమే లేని హైదరాబాదుకి. అడుగున ఒక్క రబ్బరు రింగు ఓడిందా, కబురు లేదు. అందుకే ఆ పెట్టెలు ఏమీ జరగనప్పుడు కూడా "బాగానే ఉన్నా" అని చెబుతూ ఉంటాయి. మౌనాన్ని క్షేమం అనుకోకూడదు కదా.

మేము మాత్రం "ఇన్ని వేలమందిని తట్టుకుంటుంది" అని ధైర్యంగా రాసేస్తాం. పరీక్షించేది గట్టి ముక్కనే, అతుకుల్ని కాదు. నా ఉద్దేశంలో, ఏ రేటింగు రాసేముందైనా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇందులో గాలి ఎక్కడుంది? మా మెకానిక్కు ఆ ప్రశ్న అడగకుండానే జగ్గు అందుకున్నాడు.