ఏటా మునిగి తేలే దీవి

హౌరా రైల్లో బాలుగావ్, రంభ స్టేషన్ల మధ్య కిటికీ పక్కన కూర్చుంటే చిలికా సరస్సు కనబడుతుంది. అందరం ఫోన్లు తీస్తాం. ఆ సరస్సులోనే నలబణ అనే దీవి ఉందని చాలామందికి తెలియదు.

వైశాల్యం 15.53 చదరపు కిలోమీటర్లని కాగితాల మీద ఉంటుంది గానీ, ఆ లెక్క ఏడాదంతా నిలవదు. వానాకాలంలో మహానది పాయల వరద చేరి సరస్సు పొంగితే దీవి మునిగిపోతుంది. వానలు తగ్గి నీళ్లు తీశాక మెల్లగా బురద తేలుతుంది. గుట్టా లేదు, ఇల్లు కట్టుకోవడానికి గట్టి నేలా లేదు. రెల్లు, గడ్డి, లోతులేని నీళ్లు, అంతే.

పక్షులకు కావలసింది సరిగ్గా అదే! బురద తేలే వేళకే వలసలు దిగుతాయి. సూదితోక బాతులు, హిమాలయాలు దాటొచ్చే చారల తల పెద్దబాతులు, ముక్కు తిరగేసి నీళ్లు వడగట్టుకునే ఫ్లెమింగోలు. పొడుగు ముక్కు గాడ్విట్ బురద లోపలి పురుగును లాగితే, పొట్టి ముక్కు పిట్ట పైపైన ఏరుకుంటుంది. ఒకే బురదలో ఎవరి లోతు వాళ్లది. నాకు ఈ సర్దుబాటు ఎంత తలుచుకున్నా తనివి తీరదు.

1987లో నలబణను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. మంచి పని.

చలికాలంలో చిలికా వెళ్లేవాళ్లు బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. ఫోటో కోసం పడవను పక్షుల గుంపు దగ్గరికి తోలమని మాత్రం దయచేసి అడగొద్దు. బెదిరి లేచిన ప్రతిసారీ, తిరుగు ప్రయాణానికి అవి కూడబెట్టుకున్న కొవ్వు కరిగిపోతుంది.