సినిమా వదిలిన గొంతు, ఊళ్లు పట్టుకున్న పాట

శనివారం పొద్దున్నే రాజమండ్రిలో బయల్దేరి రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లేవాళ్లకు దారిలో ఆంజనేయస్వామి గుళ్లు చాలానే తగులుతాయి. వాటి మైకుల్లో ఎక్కువగా వినిపించే గొంతుల్లో ఎం.ఎస్. రామారావు గారిది ఒకటి. లోతైన, తొందర ఎరగని గొంతు అది. సుందరకాండను తానే తెలుగు పాటగా రాసుకుని, తానే బాణీ కట్టి, తానే పాడారాయన. పాడుతున్నదెవరో తెలియని వాళ్లకు కూడా ఆ పల్లవి నోటికొచ్చు.

గోదావరి వాళ్లు ఆయన్ని తమవాడిగా చెప్పుకోవడానికి ఒక కారణముంది. పుట్టింది 1921లో, తెనాలి దగ్గర మోపర్రులో. పేరొచ్చింది మద్రాసులో. వై.వి. రావు గారి ‘తహసీల్దార్’ 1944లో విడుదలైంది. అందులో పాడిన పాటతోనే తెలుగు సినిమా తొలి నేపథ్య గాయకుడన్న గుర్తింపు ఆయనకు దక్కింది. ఎన్టీ రామారావు తొలిసారి తెరమీద కనిపించిన ‘మనదేశం’ (1949)లో కృష్ణవేణి గారితో కలిసి పాడారు. ఆ సినిమాకు సంగీతం ఘంటసాల. తర్వాతి పదేళ్లలో ఆ ఘంటసాల గొంతే తెలుగు తెరకు ప్రధాన స్వరమైంది. రామారావు గారికి అవకాశాలు తగ్గుతూ వచ్చాయి. 1963లో మద్రాసు వదిలేసి రాజమండ్రి చేరి, నవభారతి గురుకులంలో వార్డెనుగా ఉద్యోగంలో కుదిరారు.

నలభై దాటిన సినిమా గాయకుడు పిల్లల హాస్టలు చూసుకుంటూ బతకడమంటే చాలామంది దృష్టిలో కథ ముగిసినట్టే. కానీ తెలుగువాళ్లు ఇవాళ ఆయన్ని తలుచుకునేది ఆ తర్వాత చేసిన పనికే.

ఆ పనికి ముందు జరిగిందని చెప్పే సంగతి ఆయన అభిమానులందరికీ తెలుసు. వాయుసేనలో ఉన్న కొడుకు జాడ 1971 యుద్ధ సమయంలో తెలియకుండా పోయిందట. తండ్రి హనుమంతుణ్ణి పట్టుకుని కూర్చున్నారట. బిడ్డ క్షేమంగా ఉన్నాడన్న కబురు వచ్చిందట. కష్టం వస్తే సుందరకాండ పారాయణ చేయడం తెలుగిళ్లలో ఎప్పటినుంచో ఉంది. అందరూ చదివి మొక్కు తీర్చుకుంటే ఈ గాయకుడు రాసి, పాడి తీర్చుకున్నారు. తులసీదాసు హనుమాన్ చాలీసాను తెలుగులో పాడిందీ ఆ రోజుల్లోనే.

భక్తి సంగతి అలా ఉంచి పాటను పాటగా చూసినా అందులో గట్టి పనితనం ఉంది. వాల్మీకి 68 సర్గల్లో చెప్పిన కథను ఆయన చిన్న చిన్న చరణాల్లోకి తెచ్చారు. సముద్రం దాటడం, మైనాకుడు, సురస, సింహిక, లంకిణి, అశోకవనం, ఉంగరం, చూడామణి, లంకాదహనం అన్నీ వరసగా వస్తాయి. నడక నాలుగేసి మాత్రలది. అడుగులు వేస్తూ పాడుకోవచ్చు, చప్పట్లు తడుతూ పాడుకోవచ్చు. బాణీ పెద్దగా మారదు, ప్రతి చరణమూ పల్లవి దగ్గరికే వచ్చి ఆగుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది మరీ సాదాగా అనిపించవచ్చు. కానీ రాగాలాపనలతో అలంకరించి ఉంటే, వినేవాళ్లు విని మెచ్చుకుని ఊరుకునేవారు. ఇక్కడ రెండో చరణానికే వాళ్లూ గొంతు కలుపుతారు. కథ ఆయన చెబుతారు, పల్లవి ఊరు అందుకుంటుంది. బుర్రకథలో వంతపాటలా ఆ చోటు జనానికి ముందే వదిలిపెట్టారాయన.

ఈ పాట వంశమూలం సినిమా పాటల్లో దొరకదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’, ‘కుశలవుల యుద్ధం’ లాంటి స్త్రీల రామాయణపు పాటల్లో దొరుకుతుంది. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి రాసిన 104 అధ్యాత్మ రామాయణ కీర్తనల్లో, రామమందిరాల భజనల్లో దొరుకుతుంది. పల్లెల్లో రామకథ ఎక్కువగా చెవి ద్వారానే బతికింది. కాకరపర్రులో పుట్టిన ఉషశ్రీ అదే డెబ్బైల్లో విజయవాడ రేడియోలో వచనంలో రామాయణ భారతాలు చెప్పి ఇళ్లను కట్టిపడేశారు. ఘంటసాల భగవద్గీత ఆయన 1974లో కన్నుమూశాక బయటికొచ్చి ఇంటింటికీ చేరింది. ఇతిహాసాన్ని యంత్రం గుండా వినడానికి జనం సిద్ధంగా ఉన్న కాలమది.

ఆదరణ గురించి చెప్పాలంటే పత్రికల సమీక్షలు వెతికి లాభం లేదు. 1977లో ఒంగోలులో ఆయనకు ‘సుందరదాసు’ అన్న బిరుదు వచ్చింది. దానికన్నా పెద్ద ఆదరణ మరో దారిలో జరిగింది. రికార్డు క్యాసెట్టయింది, క్యాసెట్టు సీడీ అయింది, ఇప్పుడు ఫోనులో ఉంది. సాహిత్యాన్ని చిన్న పుస్తకాలుగా అచ్చువేయించి గుడిలో పంచేవాళ్లున్నారు. అక్షరాలు కూడబలుక్కునే పెద్దవాళ్లు కూడా ఆ పుస్తకం పట్టుకుని క్యాసెట్టుతోపాటు పాడుకున్నారు.

పరిశ్రమ వదిలేసిన గాయకుణ్ణి జనం పట్టుకోవడం అమెరికాలో జానీ క్యాష్ విషయంలోనూ జరిగింది. కంట్రీ పాటల మహాగాయకుడైన ఆయన్ని ఎనభైల్లో కొలంబియా కంపెనీ వదిలేసింది. 1994లో ఆయన ఒక్క గిటారు పట్టుకుని పాడిన ఆల్బమ్ గ్రామీ గెలుచుకుంది. కొత్త తరం ఆయన్ని మళ్లీ కనుక్కుంది. ఆ ఆల్బమ్ గురించి అక్కడ చాలా రాశారు. మన సుందరకాండ గురించి అలాంటి చర్చ అంతగా కనిపించదు. రామారావు గారి పేరు ఎక్కువగా 1944 దగ్గర, తొలి నేపథ్య గాయకుడన్న ఒక్క ముక్కతో ఆగిపోతోంది.

విమర్శకు చోటు లేదని కాదు. సీత కనిపించక హనుమంతుడు నిరాశలో కూరుకుపోయి తనలో తాను తర్కించుకునే ఘట్టం వాల్మీకిలో ఎంతో లోతైనది. పాట వేగంలో ఆ లోతు అంతా రాదు, రాలేదు కూడా. ఏది ఉంచారు, ఏది వదిలారు, ఎక్కడ వాల్మీకి మాటను దగ్గరగా పట్టుకున్నారు అన్నది ఎవరైనా చరణం చరణంగా చూడాల్సిన పని. ఇన్నేళ్లుగా పాడుతున్న ఆడవాళ్లు చరణాలను ఎక్కడ ఎలా మార్చుకున్నారో కూడా దాంతోపాటే నమోదు చేయాలి. మొదటి రోజుల నుంచి పాడినవాళ్లు కోనసీమ అరుగుల మీద ఇంకా ఉన్నారు కాబట్టి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.