సమయం కూడా పాథేయమే

గోదావరి ఒడ్డున నివసించేవారికి వేచి ఉండటం కొత్త విద్య కాదు. 1965లో భద్రాచలం వద్ద వంతెన ప్రారంభమయ్యే దాకా మన పెద్దలు పడవ కోసం రేవులో కూర్చునేవారు. వంతెన వచ్చిన తరువాత కూడా చివరి మాట నదిదే. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరి వంతెనపై రాకపోకలే నిలిచిపోయాయి. శబరి నది కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగితే శబరి నీరు వెనుకకు ఎగదన్ని చింతూరు దారులను ముంచుతుంది. అటువంటి రోజున విదేశీ విమానపు టికెట్టు చేతిలో ఉన్నవాడికి అడ్డు నిలిచేది ఎక్కడో ఉన్న విమానాశ్రయం కాదు, ఇంటి ముందరి నీరు.

కనెక్టింగ్ విమానం అందలేదనీ, ఇమ్మిగ్రేషన్ వరుసలో ఆలస్యమైందనీ ఉమ్రాకు వెళ్ళి వచ్చినవారు, గల్ఫ్ దేశాల నుంచి తిరిగి వచ్చినవారు చెబుతుంటే తరచుగా వింటున్నాము. ఆ ఇబ్బందులు నిజమైనవే. అయితే ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నుంచి బయలుదేరేవారికి మొదటి కనెక్షన్ శంషాబాదులో ఉండదు, మన ఊరి బస్టాండులోనే ఉంటుంది. చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి భద్రాచలం చేరాలి. అక్కడి నుంచి సారపాక, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా ఖమ్మం, ఆపైన సూర్యాపేట, పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాదు. భద్రాచలం నుంచి హైదరాబాదు సుమారు 310 కిలోమీటర్లు, ఖమ్మం నుంచి సుమారు 200. మణుగూరు నుంచి రాత్రి రైలు ఉంది గాని అది విమానాశ్రయం వద్ద దింపదు. విమానాశ్రయం నగరానికి మరొక కొసన ఉంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు మారినప్పటి నుంచి ఈ చివరి మజిలీకి కూడా సమయం కేటాయించుకోవలసి వస్తున్నది.

సరిహద్దులంటే మన ప్రాంతపు ప్రజలకు బెదురు లేదు. చింతూరు వైపు పల్లెల వారిని చూడండి. 1959 వరకు వారు తూర్పు గోదావరి జిల్లావారు. ఆ తరువాత ఖమ్మం జిల్లావారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు మళ్ళీ తూర్పు గోదావరివారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లావారయ్యారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. మనిషి కదలకపోయినా చిరునామా కదిలింది. అందువల్ల ఒకే ఇంట్లో ఆధార్ కార్డుపై ఒక జిల్లా, పాత పాస్‌పోర్టుపై మరొక జిల్లా కనిపించడం ఇక్కడ వింత కాదు.

అంతకంటే పెద్ద చిక్కు మన పేర్లది. పాఠశాల రికార్డులో 'ఎస్‌కే', ఆధార్‌లో 'షేక్', పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. 'ఎండీ' అన్న రెండక్షరాలు ఒక కాగితంపై మహమ్మద్ అవుతాయి, మరొక దానిపై అలాగే మిగిలిపోతాయి. టికెట్టుపైన, వీసాపైన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తప్పకుండా ఉండాలి. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం లేదని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరులో నియమం తెచ్చింది. కౌంటరు వద్ద బయటపడే ఇటువంటి తేడా గంటలను మింగుతుంది. ఇంటి వద్ద చూసుకుంటే పది నిమిషాల పని.

కొన్నేళ్ల క్రితం చలికాలంలో పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలకు చెందిన పదకొండు మంది ఉమ్రాకు సిద్ధమైతే, మసాయిల్ చెప్పేందుకు మమ్మల్ని తోడు రమ్మన్నారు. టికెట్లు అప్పటికే తీసి ఉన్నాయి. గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయంలో విమానం మారడానికి గంటన్నర వ్యవధి. టికెట్లు అమ్మినవారు అది సరిపోతుందని చెప్పారట. వారు చెప్పింది అబద్ధం కాదు. ప్రతి విమానాశ్రయానికి కనీస బదిలీ వ్యవధి అని ఒక లెక్క ఉంటుంది. అంతకు తగ్గకుండా ఉంటే టికెట్టు అమ్మవచ్చు. అయితే ఆ లెక్క వేగంగా నడవగలిగిన మనిషికి, వేళకు దిగిన విమానానికి సరిపోయేది. మోకాళ్ల నొప్పులతో నడిచే పెద్దవారికి, ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యంగా దిగిన మా విమానానికి అది చాలలేదు.

కనెక్టింగ్ విమానం కోసం దిగినవారికి అక్కడ ఇమ్మిగ్రేషన్ ఉండదు, భద్రతా తనిఖీ మాత్రమే ఉంటుంది. ఆ తనిఖీ వద్ద అనేక దేశాల ప్రయాణికులతో వరుస మెలికలు తిరిగి ఉంది. మా బృందంలోని ఒక యువకుడు తాడు కిందుగా దూరి ముందుకు పోదామన్నాడు. మేము వారించి, ముందున్న ఒక్కొక్కరికి బోర్డింగ్ పాసు చూపి, వెనుక ఉన్న వృద్ధులను చూపి, అనుమతి అడిగాము. కేరళ సోదరుడొకరు వెంటనే పక్కకు జరిగారు. బంగ్లాదేశ్ కార్మికులు నలుగురు తమ సంచులు తీసి దారి ఇచ్చారు. ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. ఆయన విమానం కూడా మరో అరగంటలోనే ఉంది. మేము ఆయన వెనుకే నిలబడ్డాము. వరుసలో ముందున్న చోటు ఆయన హక్కు. తన హక్కును వదులుకుంటే అది ఆయన ఔదార్యం, వదులుకోకపోతే అది తప్పు కాదు. అడగకుండా లాక్కుంటే మాత్రం అది దౌర్జన్యమే. ఇహ్రామ్ వస్త్రాలు ధరించి దౌర్జన్యం చేసేవాడు ఆ వస్త్రాల విలువనే పోగొట్టుకుంటాడు. గేటు మూసే లోపు అందరం చేరాము. అల్‌హందులిల్లాహ్. రెండు పెట్టెలు మాత్రం ఆ విమానంలో రాలేదు, మరునాడు వచ్చాయి.

ఆ పెట్టెల వల్ల మాకు చింత కలగకపోవడానికి కారణం ఒకటే. పురుషులందరూ ఇహ్రామ్ వస్త్రాలను శంషాబాదులోనే ధరించారు. ఈ విషయం ప్రతి ఉమ్రా యాత్రికుడు గుర్తుంచుకోవాలి. రెండు గుడ్డలు కట్టుకున్నంత మాత్రాన ఇహ్రామ్ మొదలుకాదు. సంకల్పం చేసి తల్బియా పలికినప్పుడే మొదలవుతుంది. కనుక వస్త్రాలు ముందే కట్టుకుని, సంకల్పాన్ని మీఖాత్‌కు ముందు చేయవచ్చు. ఓడలపై వెళ్ళిన మన పూర్వులకు యలమ్‌లమ్ మీఖాత్. గల్ఫ్ మీదుగా విమానంలో వెళ్ళేవారు తాయిఫ్ సమీపంలోని ఖర్నుల్ మనాజిల్ వైపు నుంచి దాటుతారు. అది జిద్దాలో దిగడానికి సుమారు అరగంట ముందు వస్తుంది. ఇహ్రామ్ లేకుండా మీఖాత్ దాటి వెళ్ళినవాడు తిరిగి మీఖాత్‌కు రావాలి, లేదా దమ్ ఇవ్వాలి. విమానం మారే చోట స్నానం చేసి ఇహ్రామ్ కట్టుకుందామని వస్త్రాలను పెద్ద పెట్టెలో వేసి పంపినవారి పరిస్థితి ఏమిటి? ఆ పెట్టె విమానం కడుపులో ఉంటుంది, తెరవడానికి వీలుండదు. మా పక్క వరుసలోని మరొక బృందపు వృద్ధునికి సరిగ్గా ఇదే జరిగింది. మా వారిలో ఒకరు తన అదనపు దుప్పటినీ, మరొకరు కుట్టు లేని లుంగీనీ ఇచ్చారు. తెలుపు రంగు ఉత్తమం, కాని షరతు కాదు. కుట్టు లేని రెండు గుడ్డలు చాలు. రంగు లుంగీతోనే ఆయన తల్బియా పలికారు. ఆయన కళ్లలో నీళ్లు నిండాయి.

జిద్దాలో ఇమ్మిగ్రేషన్ వరుస గంటకు పైగా సాగింది. మా బృందంలోని ఒక అవ్వకు డెబ్బయి ఏళ్లు దాటాయి. మిరప కోతల్లో, పత్తి తీతల్లో అరిగిన ఆమె వేళ్లను యంత్రం మూడుసార్లు గుర్తించలేదు. అధికారి తడి రుమాలుతో తుడుచుకోమన్నారు. నాలుగవసారి అందింది. వెనుక నిలబడ్డ మేము ఆమెను ఓదార్చబోతే ఆమే మమ్మల్ని ఓదార్చింది: "అరవై ఏళ్లు ఎదురుచూశాను మౌల్వీ సాబ్, ఈ అరగంట ఒక లెక్కా!"

ఒకప్పుడు హజ్ యాత్రలో నిరీక్షణ ఒక భాగంగానే ఉండేది. మన తాతలు రైలులో బొంబాయి చేరి, ముసాఫిర్‌ఖానాల్లో రోజుల తరబడి ఓడ కోసం ఆగేవారు. 1995తో ఆ ఓడ ప్రయాణం ముగిసింది. విమానం వారాల ప్రయాణాన్ని గంటలకు కుదించింది. అయితే ఆ మిగిలిన సమయంలో కొన్ని గంటలైనా ప్రయాణానికే తిరిగి ఇవ్వడానికి మనకు చేతులు రావడం లేదు.

పవిత్ర ఖుర్ఆన్ రెండవ సూరా 197వ ఆయతు హజ్ యాత్రికులను పాథేయం సమకూర్చుకోమని ఆదేశించి, దైవభీతి అన్నిటికంటే ఉత్తమమైన పాథేయమని బోధిస్తుంది. దాని నేపథ్యాన్ని హజ్రత్ ఇబ్న్ అబ్బాస్ (ర) వివరించారు. యమన్ వాసులు కొందరు తాము అల్లాహ్‌పై భారం వేసినవారమంటూ ఏమీ తీసుకోకుండా బయలుదేరి, మక్కా చేరి ప్రజలను యాచించేవారట. ఒంటెను ముందు కట్టివేసి, ఆ తరువాత అల్లాహ్‌పై నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించిన సంగతి మనందరికీ తెలిసిందే. ఆనాటి పాథేయం ఖర్జూరాలు, నీళ్లు, పిండి. నేటి ప్రయాణికునికి అన్నపానీయాలు అన్నిచోట్లా దొరుకుతాయి. కొనడానికి దొరకనిది సమయమే. సమయం లేకుండా బయలుదేరినవాడు వరుసలో నిలబడి ఇతరుల సమయాన్ని యాచించవలసి వస్తుంది. మేము ఆ సంగతి మా కళ్లతో చూశాము.

కనుక టికెట్టు తీసుకునే ముందే కుటుంబంలో మాట్లాడుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వృద్ధులు, పసిపిల్లలు ఉంటే విమానం మారడానికి మూడు నాలుగు గంటల వ్యవధి ఉండనివ్వండి. చక్రాల కుర్చీ కావాలని టికెట్టుతోపాటే కోరండి. రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉంటే మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోయినా తరువాతి విమానంలో చోటు చూపవలసింది సంస్థే. చవక అని రెండు వేర్వేరు టికెట్లు కొంటే ఆ భారం మనదే, పెట్టెలు మళ్ళీ తీసి మళ్ళీ ఇవ్వవలసిందీ మనమే. ముంబయి, ఢిల్లీల మీదుగా తిరిగి వచ్చేవారు సాధారణంగా అక్కడే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ ముగించుకుని, పెట్టెలు తీసుకుని మళ్ళీ అప్పగించాలి. దానికీ సమయం విడవాలి.

పదవ తరగతి పూర్తి చేయనివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగం మీద వెళ్ళేటప్పుడు 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి అవసరం. ఉమ్రాకు వెళ్ళేవారికి ఆ అనుమతి అక్కరలేదు గాని, పాస్‌పోర్టుపై ఆ గుర్తు ఉంటే అధికారి రెండు ప్రశ్నలు ఎక్కువ అడగవచ్చు. వీసా ప్రతి, తిరుగు టికెట్టు, బస వివరాలు చేతి సంచిలో ఉంటే జవాబు సులువు. తరచుగా ప్రయాణించేవారి కోసం మన ప్రభుత్వం 2024లో ఢిల్లీలో, 2025 జనవరిలో హైదరాబాదులో వేగవంతమైన ఇమ్మిగ్రేషన్ ద్వారాలను ప్రారంభించింది. ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకుని, వేలిముద్రలు ఇచ్చినవారు వాటి గుండా వెళ్ళవచ్చు. ఏటా గల్ఫ్‌కు వెళ్ళి వచ్చే మన యువకులకు ఇది మేలు చేస్తుంది.

వర్షాకాలంలో అయితే మరొక జాగ్రత్త కూడా అవసరం. భద్రాచలం వద్ద మొదటి హెచ్చరిక వెలువడగానే ప్రయాణం ఒకరోజు ముందుకు జరపండి. రాత్రికి హైదరాబాదులో బంధువుల ఇంట ఉండండి. ఊరు దాటితే ప్రయాణికుని నమాజు కుదించబడుతుంది. ఆ సౌలభ్యం అల్లాహ్ ప్రసాదించిన కానుక. దానిని స్వీకరించండి. తొందరలో నమాజునే వదలకండి.

ఈ ఏర్పాట్లకు కొన్ని వేల రూపాయలు అదనంగా ఖర్చు కావచ్చు. మిరప అమ్మి, నగలు కుదువపెట్టి, ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి చేసే ప్రయాణానికి ఆ మాత్రం కాపలా ఉండటం న్యాయం. అన్నీ చేసిన తరువాత కూడా విమానం తప్పిపోతే అది పరీక్ష, అప్పుడు సహనమే మార్గం. ఏమీ చేయకుండా తప్పిపోతే దానికి విధి అని పేరు పెట్టకూడదు. అల్లాహ్ మన పెద్దలందరికీ తన గృహ సందర్శన భాగ్యాన్ని, మన యువకులకు దూరదేశాలలో హలాల్ సంపాదనను, దారిలో తోటివారి హక్కును గుర్తించే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.