మేడమెట్లూ మోకాళ్లూ

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలిమితో పాటే ఊరూ లేచింది: సెక్టార్లు, స్ట్రీట్లు, నంబర్లు వేసిన క్వార్టర్లు. శ్రీకాకుళం వాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు వచ్చి వాటిలో దిగారు. ఆ క్వార్టర్లకు ప్లాను గీసిన ఇంజనీరుకు వీళ్లలో ఎవరి ముఖమూ తెలియదు. కాగితం మీద ఒక కుటుంబాన్ని ఊహించుకుని గోడలు గీశాడు.

విచిత్రమేమిటంటే, ఎవరినీ దృష్టిలో పెట్టుకోని ఆ ఇళ్లు అందరికీ సరిపోయాయి. సరిపోయాయంటే బాగున్నాయని కాదు. వంటగదిలో ఇద్దరు మసిలితే మోచేతులు తగిలేవి. అయితే ఆ ఇల్లు తన గురించి పెద్దగా చెప్పుకోదు కనుక, వచ్చినవాళ్లు చెప్పింది వినేది. మనవాళ్లు పెరట్లో కరివేపాకు, మునగ వేసుకున్నారు. వరండాకు తడిక కట్టి ఊరినుంచి చదువుకోడానికొచ్చిన తమ్ముడికి గది చేశారు. ప్రమోషన్ వచ్చి పెద్ద క్వార్టరుకు మారితే, కరివేపాకు చెట్టు తర్వాత వచ్చినవాళ్ల సొత్తయ్యేది. వాళ్లకు కరివేపాకు అలవాటు లేకపోతే పక్కింటివాళ్ల అదృష్టం.

రిటైరయ్యాక భిలాయిలోనే నెహ్రూనగర్‌లో సొంత ఇల్లు కట్టుకోవడం వేరే కథ. నాకు తెలిసిన ఒక పెద్దాయన, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరైనవాడు, రాజాం వైపు మనిషి. ముప్పై ఏళ్లు ఎవరో గీసిన గోడల మధ్య గడిపి, ఆఖరికి తన కొలతలతో తాను కట్టుకున్నాడు. అటక ఎత్తు భార్య చేతికి అందేటట్టు, పూజగది ఈశాన్యంలో, పడకగది గాలి కోసం మేడ మీద, హాలు మధ్యలోంచి అందంగా మెలితిరిగి పైకెళ్లే మెట్లు. వాస్తు సిద్ధాంతి దిక్కులన్నీ చూశాడు. మోకాళ్లు ఆయన లెక్కలోకి రావు. వాడబోయే మనిషి గురించి ఇంత క్షుణ్ణంగా తెలిసిన రూపకర్త మరొకడు ఉండడు. ఇల్లు కట్టేదీ, ఉండేదీ తానే కదా. పదేళ్లు తిరిగేసరికి ఆ ఇంట్లో ఉంటున్నది మాత్రం వేరే మనిషి.

"ఎక్కడం పర్లేదు బాబూ, దిగడమే దిగులు" అంటాడాయన. మంచం హాల్లోకి వచ్చింది. పై అంతస్తు కోచింగ్ కోసం వచ్చిన కుర్రాళ్లకు అద్దెకిద్దామంటే, ఆ అందమైన మెట్లు మంచం పక్కనుంచే పోతాయి. చివరికి బయటినుంచి ఇనుప మెట్లు వేయించాడు. ఉక్కు ఊళ్లో వెల్డర్లకు కొదవేముంది? లోపలి మెట్ల మీద ఇప్పుడు పాత పుస్తకాలు, ఒక కూలరు పంపు, మనవరాలి బొమ్మలు ఉంటాయి. అలమరగా ఆ మెట్లు భేషుగ్గా ఉన్నాయని నా అభిప్రాయం.

1979లో అమెరికాలో పాట్రీషియా మూర్ అనే ఇరవయ్యారేళ్ల డిజైనరు ఎనభై దాటిన అవ్వ వేషం కట్టింది. చూపు మసకబారే కళ్లద్దాలు పెట్టుకుని, చెవులు మూసుకుని, కాళ్లు వంగకుండా కట్లు కట్టుకుని, మూడేళ్లపాటు వీలైనప్పుడల్లా బస్సులెక్కింది, తలుపులు తోసింది, దుకాణాలు తిరిగింది. వార్ధక్యాన్ని అది రాకముందే వెళ్లి చూసి వచ్చిన మనిషి. సాయంత్రానికి వేషం విప్పేసే సౌకర్యం ఆమెకు ఉంది. అయినా ఆమె చేసిన పని మామూలు పని కాదు. మనం కాబోయే మనిషి మనకు ఎంత అపరిచితుడంటే, పరాయివాళ్ల అవసరాలు ఊహించడమే తేలిక. క్వార్టరు గీసిన ఇంజనీరుకు కనీసం తనకు ఎవరూ తెలియదన్న సంగతి తెలుసు.

ఆ క్వార్టర్లు లేస్తున్న రోజుల్లోనే, 1958లో, చార్ల్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు భారత ప్రభుత్వానికి ఒక నివేదిక రాశారు. ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నిటిలోనూ చెంబును వాళ్లు మెచ్చుకున్నారు. దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదు. తరతరాల చేతులు మార్చి మార్చి ఆ వంపు తెచ్చాయి. చెంబుకు ఉన్నంత తీరిక ఇంటికి ఉండదు. గృహప్రవేశం ముహూర్తానికి అది పూర్తయి తీరాలి.

ఇప్పుడు నెహ్రూనగర్‌లో కట్టుకుంటున్న చిన్నవాళ్లు కొంత జాగ్రత్తపడ్డారు. పడకగదులన్నీ పైనే, కింద మాత్రం ఒకటి, దానికి ఆనుకుని బాత్రూము, గోడకు పట్టుకునే కమ్మీ. ప్లాను మీద దాని పేరు 'అమ్మానాన్నల గది'. పాతికేళ్ల తర్వాత ఆ పేరు మార్చాల్సిన పని కూడా ఉండదు.