మడమ నొప్పికి మణికట్టులో సూది

పొద్దున్నే మంచం దిగి అడుగేస్తే మడమలో మేకు దిగినట్టుండేదండీ. నాలుగడుగులకి సర్దుకునేది, వంటింట్లో గంట నిలబడితే మళ్ళీ మొదలు. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా ఉండే దళసరి పొరకి వచ్చే బాధట, ప్లాంటార్ ఫేషియైటిస్.

అత్తయ్యగారు ఆక్యుపంక్చర్‌కి తీసుకెళ్ళారు. ఆ డాక్టరమ్మ సూది మడమకి కాదు, మణికట్టు లోపలివైపు గుచ్చింది! చీమ కుట్టినట్టు, అంతే. హాంకాంగ్‌లో 53 మందితో చేసిన పరిశోధన 2011లో వచ్చింది. కొందరికి అక్కడే, మిగతావాళ్ళకి చేతిలో వేరేచోట గుచ్చితే, మణికట్టు వాళ్ళకే నొప్పి ఎక్కువ తగ్గిందట.

గోడ పట్టుకుని పిక్కలు సాగదీయడమూ మానలేదు. ఆరు వారాలకి హాయిగా నడిచాను. నన్నడిగితే సగం సూది గొప్ప, సగం ఆ అరగంటది. పడుకున్నంతసేపూ ఎవరూ కాఫీ అడగలేదు మరి!