మొదటి మెట్టు

పొద్దున ధర్మపురిలో ఇంటర్వ్యూ. మా అదియమాన్‌కోట్టై నుంచి దూరమేం కాదు. టౌన్ బస్సులో నాకు టికెట్ లేదు కూడా, తమిళనాడులో వికలాంగులకు 2021 నుంచి ఉచితం. మంచి పని, కాదనను. కానీ ఆ బస్సు మొదటి మెట్టు నా మోకాలంత ఎత్తు. కాలిపర్ వేసిన ఎడమకాలు వంగదు. కర్ర ముందు లోపలికి అందించి, కడ్డీ పట్టుకుని, కుడికాలి మీద ఒళ్లంతా పైకి లాక్కోవాలి. వెనకున్న అక్క ఒకామె "నిదానంగా తమ్ముడూ" అంటూ నా ఫైలు పట్టుకుంది.

ఆఫీసు రెండో అంతస్తులో. లిఫ్ట్ లేదు. పైకెళ్లేసరికి చొక్కా తడిసిపోయింది. వాళ్లడిగిన మొదటి ప్రశ్న, "రోజూ రాగలరా?" అకౌంట్స్ వచ్చా అని ఎవరూ అడగలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో మాకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. భవనాలకు, రవాణాకు కనీస ప్రమాణాలు తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ మాట మా బస్సు మెట్టు దాకా ఇంకా రాలేదు.

ఉద్యోగాలిచ్చే అన్నలకు, అక్కలకు ఒక్క మనవి. మాలాంటివాళ్లు వస్తున్నారంటే ఇంటర్వ్యూ కింది అంతస్తులో పెట్టండి. పని గురించి అడగండి.