2,314 ఫొటోలు, ఒకే తేదీ

బ్యాకప్ తీయకపోతే ఏమవుతుందో చెప్పి భయపెట్టేవాళ్లు బోలెడుమంది. ఒక్క ఫైల్ కూడా పోకుండా అన్నీ తిరిగొచ్చాక మొదలయ్యే తలనొప్పి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నాకది మా నాన్న మిరప చేను వల్ల తెలిసింది.

నాన్నది పల్నాడులో మూడెకరాల మిరప. డైరీ రాసే అలవాటు లేదు, ఫోనే డైరీ. పొద్దున్నే చేలోకి వెళ్లగానే ఆకు ముడుచుకున్నా, పూత రాలినా, కొత్త పురుగు కనిపించినా ఒక ఫొటో కొడతాడు. తర్వాత గ్యాలరీలో వెనక్కి జరుపుకుంటూ, "పోయినేడు ఈ రోజుల్లో చెట్టు ఎలా ఉంది?" అని పోల్చి చూసుకుంటాడు. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి మిరప రైతుల్ని నిలువునా ముంచింది కదా, అప్పటి ఫొటోలూ అందులోనే ఉన్నాయి.

పాత ఫోన్లో ఛార్జింగ్ నిలవట్లేదని ఈమధ్య కొత్తది కొన్నాడు. షాపులో కుర్రాడు పాతదాంట్లోవన్నీ ముందు కంప్యూటర్లోకి తీసి, అక్కణ్నుంచి కొత్తదాంట్లో వేసిచ్చాడు. సాయంత్రం నాకు కాల్. "అన్నీ ఇవాళే తీశానంటోందేంటమ్మా ఇది?"

ముందు లెక్క చూడమన్నా. పాతదాంట్లో 2,314. కొత్తదాంట్లోనూ 2,314. ఒక్కటీ పోలేదు. కానీ ఆరేళ్ల ఫొటోలు ఒకే రోజు కింద పేకముక్కల్లా కలిసిపోయాయి. ఎప్పటిదో తెలియని ఆకుముడత ఫొటోతో రైతుకేం పని? పైగా ఆ వారమే పూతలో ఏవో నల్లగా కదులుతున్నాయని ఆయనకి అనుమానం. 2021లో అవి ఏ తేదీకి దిగాయో అర్జెంటుగా కావాలి.

జరిగిందేంటంటే, ప్రతి ఫొటోకీ రెండు తేదీలుంటాయి. కెమెరా ఫొటో తీసేటప్పుడే లోపల రాసిపెట్టేది ఒకటి, దాన్నే ఎగ్జిఫ్ అంటారు. ఫైల్ మీద ఫోన్ వేసుకునేది రెండోది. వేసవిలో పెట్టిన ఆవకాయని కార్తీకంలో కొత్త జాడీలోకి మార్చి, మూత మీద మార్చిన రోజు రాశామనుకోండి. ఆవకాయ పాతదే, చీటీయే కొత్తది. కేబుల్‌తో ఫోన్లోకి కాపీ చేసినప్పుడు చాలాసార్లు ఇదే జరుగుతుంది. కొన్ని గ్యాలరీ యాప్‌లు లోపలి తేదీ చూస్తాయి, కొన్ని చీటీ చూసి ఊరుకుంటాయి. నాన్న ఫోన్లోది రెండో రకం.

అదృష్టం కొద్దీ మూడో చోట కూడా తేదీ ఉంది. ఫైల్ పేరులో! ఫైల్ మేనేజర్ తెరిచి, పేరు ప్రకారం వరస పెట్టమన్నా. నాన్నకి ఆ మూడు చుక్కలు దొరకడానికి పది నిమిషాలు పట్టింది, అది వేరే కథ. పేర్లన్నీ ఏడాది, నెల, రోజు వరసలోనే ఉంటాయి కాబట్టి ఫొటోలు వాటంతటవే క్యూ కట్టాయి. 20211119 అని ఉన్నదాని దగ్గర ఆగాడు. పసుపు పుప్పొడి మీద నల్ల చుక్కలు. "నవంబరు 19. ఇవాళ పదకొండే కదా. ఈసారి వారం ముందే దిగాయన్నమాట" అని ఫోన్ పెట్టేశాడు.

శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్లా. కెమెరా ఫొటోల సంగతి తేలికే. గూగుల్ ఫొటోస్‌లో తెరిస్తే లోపలి తేదీ ప్రకారం సర్దుకున్నాయి. సతాయించినవి వాట్సాప్‌లో పక్క చేల వాళ్లు పంపినవి. వాట్సాప్ మామూలుగా పంపే ఫొటోల్లోంచి ఎగ్జిఫ్‌ని తీసేస్తుంది. మిగిలేది పేరులోని తేదీ ఒక్కటే, అదీ ఫొటో తీసిన రోజు కాదు, మనకి చేరిన రోజు. ఎగ్జిఫ్‌టూల్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. పేరులోని తేదీ తీసుకుని ఫొటో లోపల రాసేస్తుంది. ముందు ఇంకో కాపీ పెట్టుకుని దాని మీదే ప్రయోగం చేశా. పక్కచేను బాబాయి పాత ఫొటో ఒకటి నిరుడే పంపాడు, అది నిరుటి కిందే చేరింది. దాన్ని చేత్తో సరిచేయాల్సొచ్చింది.

నేను తెచ్చిన ల్యాప్‌టాప్ వంక నాన్న ఒక్కసారి కూడా చూడలేదు. చేలో నీలం జిగురు అట్టలు కట్టించే పనిలో ఉన్నాడు. కట్టడం అయ్యాక వాటిని ఫొటో తీసి, ఫోన్ నా చేతికిచ్చాడు. "తేదీ సరిగ్గా పడిందేమో చూడు."